మడమ మీద పసుప్పచ్చ కుట్టు

బేర్ సరాయ్, న్యూఢిల్లీ
జూన్ 9

మామయ్యకు,

నీ చెవులు రెండూ ఫ్యాక్టరీ మిషన్లకు ధారపోసి వచ్చావు. ఫోన్ చేస్తే నేనేం చెప్పినా "ఆఁ? ఆఁ?" అంటావు, చుట్టుపక్కల నలుగురికీ నా సంగతులన్నీ తెలిసిపోతాయి. అందుకే ఈ రోజుల్లో కూడా మేనమామకు ఉత్తరం రాసే పిచ్చిది నేనొక్కతినే అయ్యాను. కింద పుస్తకాల షాపులో కవర్లు కొంటుంటే షాపతను నవ్వుతున్నాడు, "దీదీ, సివిల్స్ అయిపోయి ఇప్పుడు చిట్ఠీలా?" అని.

పోయినసారి అడిగావు కదా, నా కొత్త ఉద్యోగం ఏమిటని. మూడుసార్లు సివిల్స్ తప్పాక ఎవరిస్తారు ఉద్యోగం? నువ్వు నేర్పిన విద్యే ఇచ్చింది. గుడ్‌గావ్‌లో జోడీఘర్ అని ఒక షాపు. ఒకరి దగ్గరున్న ఖరీదైన షూలు ఇంకొకరికి అమ్మిపెడతారు. వచ్చిన జత అసలుదా, నకిలీదా తేల్చడం నా పని. చిన్నప్పుడు నీ దగ్గర కూర్చుని అంగుళానికి ఎన్ని కుట్లో లెక్కపెట్టేదాన్ని, జిగురు వాసన చూసి ఎండిందో లేదో చెప్పేదాన్ని. ఇంటర్వ్యూలో అదే చేసి చూపించాను. మా మేనేజరు భరద్వాజ్ నోరు తెరిచాడు.

ఇక్కడ ఒక జత నాలుగు లక్షలకు కూడా పోతుందంటే ముక్కున వేలేసుకుంటావు. విను. కోర్విన్ అనే విదేశీ కంపెనీ నాలుగేళ్ల కిందట ‘మాన్‌సూన్’ అని తెల్ల షూలు మూడు వందల జతలే చేసింది. ఎనభై వేలమంది పేర్లిచ్చుకుంటే లాటరీ తీసి అమ్మింది. దొరకనివాడికి కసి, దొరికినవాడికి గర్వం. అక్కడితో ధర పదింతలు అయింది. ఆ మూడు వందల్లో ముప్పయ్యారు జతలకు మాత్రం మడమ దగ్గర తెల్ల కుట్టుకు బదులు పసుప్పచ్చ కుట్టు ఉంది. ఎందుకో ఎవరికీ తెలియదు. డిజైనరు వాళ్లమ్మ గుర్తని ఒకడు, వాన వెలిసిన ఎండని ఇంకొకడు. కంపెనీని అడిగితే నవ్వి ఊరుకుందట. అంతే, ఆ ముప్పయ్యారు జతలూ దేవుడి పటాలైపోయాయి. కొన్నవాళ్లెవరూ కాళ్లకు తొడగరు. పెట్టెలో పెట్టి బీరువాలో దాస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. వాటిని చేసింది మీ ఫ్యాక్టరీలోనే అట! వసంత్ కుంజ్‌లో శేషగిరి గారని మన తెలుగాయన తన జత మా షాపుకు అమ్మకానికి ఇచ్చాడు. నేను తెలుగమ్మాయినని తెలిసి ఆవకాయ సీసా కూడా తెచ్చిచ్చాడు. జతను నేనే వీధివైపు అద్దాల కిటికీలో, మడమలు రోడ్డువైపు తిప్పి పెట్టాను, బీరువా తాళంతో పాటు ఆ కిటికీ తాళమూ నా దగ్గరే ఉంది. సాయంత్రం ఎండ పడి ఆ కుట్టు మెరుస్తుంటే రోడ్డున పోయేవాళ్లు ఆగి ఫోటోలు తీసుకుంటున్నారు.

నువ్వు చూసే ఉంటావు కదా మామయ్యా? ఆ రంగు ఎందుకు వేశారో చెప్పు. చెబితే ఢిల్లీలో నన్ను పట్టేవాళ్లుండరు.

మైథిలి


సూళ్లూరుపేట
జూన్ 20

మైథిలికి,

నీ ఉత్తరం చేరింది. ఒంట్లో బాగానే ఉంది, మోకాలు మాత్రం మాట వినడం లేదు.

కాలికి తొడగని చెప్పుకు నాలుగు లక్షలిచ్చేవాళ్లుంటే లోకంలో ఇక వింతలకేం తక్కువ? నేను ముప్పయ్యేళ్లు ఆ షూల మధ్యే బతికాను, రోజుకు రెండు వేల జతలు చేతుల మీదుగా పోయేవి. ఒక్కటీ నా కాలికెక్కలేదు. ఇంటికి హవాయి చెప్పులతోనే వచ్చాను.

నువ్వడిగిన రంగు సంగతి నాకు తెలియదు. ఆ ఏడాది నన్ను నల్ల షూల లైనులో వేశారు. తెల్లవి నా కంట పడలేదు. రంగు వేసేవాళ్లు వేస్తారు, కొనేవాళ్లు కొంటారు, మనకెందుకు?

ఒక్క మాట మాత్రం జాగ్రత్తగా విను. మీ మామయ్య ఆ ఫ్యాక్టరీలో చేశాడని అక్కడ ఎవరికీ చెప్పకు. నీ నోట్లో నువ్వుగింజ నానదు, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను. ఆ కుట్టు గురించి మళ్లీ రాయకు.

నాలుగోసారి పరీక్ష రాస్తావా లేదా, అది రాయి ముందు.

మాణిక్యం


బేర్ సరాయ్
జూలై 18

మామయ్యకు,

పరీక్ష సంగతి తర్వాత. నా కొంప మునిగింది.

నిన్న శేషగిరి గారు షాపుకు వచ్చి తన జత వెనక్కి ఇమ్మన్నాడు. కిటికీలోంచి తీసి బల్ల మీద పెట్టాను. ఆయన అద్దాలు సవరించుకుని మడమ చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ మడమ చూశాడు. "ఇది నాది కాదమ్మా" అన్నాడు.

మామయ్యా, కుట్టు తెల్లగా ఉంది. పసుపు రంగు ఛాయ కూడా లేదు. మే నెలలో జత తీసుకున్నప్పుడు నేనే ఫోటోలు తీశాను, వాటిలో నిమ్మపండులా ఉంది. సైజు అదే, పెట్టె అదే, పెట్టె మీది నంబరు అదే. షూ మీద మాత్రం నంబరు ఉండదు. ఆయన అనేది ఒకటే: పసుపు కుట్టు జత నేను మాయం చేసి, దాని బదులు మామూలు తెల్ల కుట్టు జత పెట్టానని. మూడు వందల్లో మిగతావి అలాంటివే కదా, వాటి ధర ఇందులో పదో వంతు.

తాళాలు నా దగ్గరే ఉన్నాయి. ఇంకెవరిని అంటారు? "మన తెలుగమ్మాయే కదా అనుకున్నాను, తెలుగమ్మాయే నెత్తిన చెయ్యి పెట్టింది" అన్నాడు శేషగిరి గారు. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. భరద్వాజ్ అమ్మానాన్నలది కాకినాడే, తెలుగు అర్థమవుతుంది, మాట్లాడడు. "మైథిలీ, సచ్ బతావో" అని ఒక్కటే మాట. నిజం చెప్పాలట!

ఇంకొకటి కూడా రాయాలి. నువ్వు ఎవరికీ చెప్పొద్దని రాశావు గానీ, నీ ఉత్తరం చేరకముందే భరద్వాజ్‌తో గొప్పలు చెప్పుకున్నాను, ఆ షూలు మా మామయ్య ఫ్యాక్టరీవేనని. నిన్న ఆ మాట గుర్తుచేసుకుని అతను నోట్‌బుక్‌లో ఏదో రాసుకున్నాడు.

ఇప్పుడు నేనడుగుతాను, నువ్వు కోప్పడకు. ఆ ఏడాది నల్ల షూల లైనులో ఉన్నానన్నావు. మరి ఆ దీపావళికి మా ఇంటికి సంచీడు తెల్ల నైలాన్ దారం ముక్కలు ఎక్కడివి తెచ్చావు? అమ్మ వాటితో ఆర్నెల్లు మల్లెపూలు కట్టుకుంది. నల్ల లైనులో తెల్లదారం ఎక్కడిది?

మైథిలి


సూళ్లూరుపేట
జూలై 27

మైథిలికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటి సగం నీ మాటలే. ఆఖరి భాగం నీది కాదు. "నల్ల లైనులో తెల్లదారం ఎక్కడిది" అని నా మేనకోడలు అడగదు, పోలీసు అడుగుతాడు. నీ పక్కన ఎవరు కూర్చుని రాయించారు? ఆ భరద్వాజా? నా ఉత్తరాలు కూడా అతనికి చూపిస్తున్నావా? నిజం చెప్పు.

దారం ముక్కలు లైను వదిలి లైనుకు పోతాయి. ఊడ్చే మనిషి ఇస్తే తెచ్చాను. అదేం పెద్ద సాక్ష్యం కాదు.

నువ్వు దొంగవి కాదని నాకు తెలుసు. నీకేం కాదు, భయపడకు. నిజం నిలకడ మీద తెలుస్తుంది.

ఒక్కటి రాయి. ఆ జత కిటికీలో ఎన్నాళ్లుంది? ఆ కిటికీ పడమటి వైపేనా? అద్దానికి తెర గానీ కాగితం గానీ ఉందా?

ఇవి ఎందుకని అడగకు.

మాణిక్యం


బేర్ సరాయ్
ఆగస్టు 6

మామయ్యకు,

ఎందుకని అడగకూడదా? అడుగుతాను.

నా పక్కన ఎవరూ లేరు. ఈ గదిలో రెండో మనిషి కూర్చునే చోటే లేదు, ఒక మంచం, ఒక బల్ల, పాత సివిల్స్ పుస్తకాల గుట్ట. పోలీసులా అడిగానన్నావు. ఇరవై రోజులుగా అందరూ నన్ను అలాగే అడుగుతున్నారు, నాకూ అలవాటైంది.

కిటికీ పడమటి వైపే. తెర లేదు. మే ఇరవై నుంచి జూలై పదిహేడు దాకా అక్కడే ఉంది. ఇప్పుడు నువ్వు చెప్పు. ఎక్కడో సూళ్లూరుపేటలో కూర్చున్న మనిషికి గుడ్‌గావ్ కిటికీ ఏ దిక్కో ఎందుకు కావలసివచ్చింది? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మొదటి ఉత్తరంలో నేను సరదాగా అడిగిన మాటకే నువ్వు అబద్ధమాడావు. అప్పటికి ఎవరూ నిన్ను ఏమీ అనలేదు.

భరద్వాజ్ లెక్క ఇదీ: ఫ్యాక్టరీలో మిగిలిపోయిన మామూలు జతలు మామయ్య దాచాడు. మేనకోడలు షాపులో చేరింది. పసుపు కుట్టు జత రాగానే మార్చేసింది. "ఫ్యామిలీ బిజినెస్" అన్నాడు. నేను అరిచాను, ఏడ్చాను. గదికొచ్చాక పడుకుని ఆలోచిస్తే, మామయ్యా, అతని లెక్కలో నాకు తప్పు దొరకలేదు. నా చేతులతో నేను మార్చలేదని మాత్రమే నాకు తెలుసు. నీ చేతుల సంగతి నాకు తెలియదు. నువ్వెవరినైనా షాపుకు పంపావా? అమ్మ పోయాక నన్ను చదివించిన మనిషికి ఈ మాట రాస్తున్నందుకు నాకే సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను.

ఆగస్టు ముప్పై ఒకటి లోపల తేలకపోతే పోలీసు ఫిర్యాదు ఇస్తానన్నాడు శేషగిరి గారు. నాలుగోసారి రాస్తున్నానా అని అడిగావుగా. రాశాను. మేలో ప్రిలిమ్స్ రాశాను, జూన్‌లో ఫలితం వచ్చింది, గట్టెక్కాను. పోయినసారి అందరికీ ముందే చెప్పుకుని పరువు పోగొట్టుకున్నాను కాబట్టి ఈసారి నీకు కూడా చెప్పలేదు. ఆగస్టు ఆఖరులో మెయిన్స్ ఉంది. ఉద్యోగమొచ్చినా రాకపోయినా, కేసు పడితే ప్రతి దరఖాస్తులోనూ "మీ మీద క్రిమినల్ కేసు ఉందా" అనే గడి ఉంటుంది. అందులో నేను "ఉంది" అని రాయాలి.

నీకు తెలిసింది రాయి. అంతా రాయి. లేదంటే ఇదే నా ఆఖరి ఉత్తరం అనుకో.

మైథిలి


సూళ్లూరుపేట
ఆగస్టు 14

అమ్మా మైథిలీ,

ఈ ఉత్తరం ఎవరికి చూపించాల్సి వస్తే వాళ్లకు చూపించు. అందుకే తెలివిగా కాకుండా వరసగా రాస్తున్నాను.

నాలుగేళ్ల కిందట ఆ తెల్ల షూల లైనుకు కుట్టు చూసి పాస్ చేసే ఇన్‌స్పెక్టరును నేనే. నల్ల లైను అని రాసింది అబద్ధం.

ఆ ఏడు ఆయుధపూజ నాడు మిషన్లకు పూజ చేశాం. తెల్ల షూల పని మర్నాడు మొదలు, కాబట్టి మిషన్లకు బొట్టు పెట్టొద్దు, గోడనున్న పటానికి పెట్టి సరిపెట్టండి అన్నారు ఆఫీసువాళ్లు. నాకు రోషం వచ్చింది. అన్నం పెట్టే మిషనుకు ఏడాదికొక్కసారి పసుపు రాయకపోతే ఎలా అని, లైనులో పెద్దవాణ్ని కదా, గిన్నెలో పసుపు కలిపి నేనే అన్ని మిషన్లకూ రాశాను. పద్నాలుగో నంబరు మిషను మడమ కుట్టుది. దాని దగ్గరికి వచ్చేసరికి పసుపు పలచబడి దారం కండె మీదికి కారింది. నేను చూడలేదు.

మర్నాడు పొద్దున ముప్పయ్యారు జతలు కుట్టాక చూశాను. కండె మార్పించాను. ఆ ముప్పయ్యారూ పక్కన పెట్టి పైవాళ్లకు చెప్పాలి. చెబితే పసుపు రాసిందెవరంటారు. నాకు రిటైర్మెంటు ఎనిమిది నెలలుంది. పసుపు ఎండకు నిలవదని మన ఇళ్లలో చంటిపిల్లకు కూడా తెలుసు, చీరకంటితే ఎండలో వేస్తాం. నాలుగు రోజులు తొడుక్కుని తిరిగితే అదే పోతుందిలే అనుకుని పాస్ ముద్ర వేశాను.

షూ కొన్నవాళ్లు తొడుక్కోరని నాకెలా తెలుసు? చీకటి బీరువాలో పెట్టి నాలుగేళ్లు నా తప్పును పదిలంగా దాచారు. నువ్వు కిటికీలో పెట్టావు, ఢిల్లీ ఎండ రెండు నెలల్లో కడిగేసింది. జత మారలేదు, తల్లీ. అదే జత అది.

రుజువు కావాలంటే ఇలా చెయ్యి. షూ లోపలి అట్ట ఎత్తి చూడు. మడమ కుట్టు దారం కొసలు దాని కింద మడిచి అతికిస్తాం. అక్కడికి వెలుతురు పోదు కాబట్టి ఆ కొసలు ఇంకా పసుపుగానే ఉంటాయి. ఒక పోగు తుంచి తడి సున్నం రాయి. పారాణి రంగు తిరిగితే అది పసుపే. మామూలు జతలో ఆ కొసలు తెల్లగా ఉంటాయి, ఎంత సున్నం రాసినా తెల్లగానే ఉంటాయి.

ఇంకా కొంచెం ఉంది. షూలు అమ్ముడయ్యాక కంపెనీ మనుషులు వచ్చి అడిగారు. ఆ రంగుకు బయట గిరాకీ వచ్చిందని వాళ్లకు లోపల సంతోషమే, కానీ తప్పు ఎవరిదో కాగితం మీద ఉండాలట. "ఏ మిషను?" అన్నారు. పద్నాలుగు అన్నాను. "ఎవరు కూర్చుంటారు?" అన్నారు. అనసూయ అన్నాను. అడిగినదానికే జవాబు చెప్పాను, ఒక్క అబద్ధం ఆడలేదు. పసుపు రాసిందెవరని వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. ఆమెను ఆ సాయంత్రమే తీసేశారు.

అనసూయ ఆదివారం చర్చికి పోయే మనిషి. పూజ రోజు పసుపు గిన్నె ముట్టనే లేదు. దూరంగా నిలబడి, ప్రసాదం శనగలు మాత్రం పిల్లలకని కొంగున కట్టుకుని పోయింది.

నన్ను అనుమానించినందుకు నువ్వు సిగ్గుపడకు.

మేడేపల్లి మాణిక్యం


బేర్ సరాయ్
ఆగస్టు 25

మామయ్యకు,

నీ ఉత్తరం చేతికొచ్చాక ఒక రోజంతా ఎవరికీ చూపించలేదు. చూపిస్తే నేను బయటపడతాను, నీ పేరు బజార్న పడుతుంది. మర్నాడు చూపించాను. నువ్వు చూపించమన్నావు కాబట్టి అని నాకు నేను చెప్పుకున్నాను గానీ, నువ్వు వద్దన్నా చూపించేదాన్నే.

శేషగిరి గారు మొదట నమ్మలేదు. "మేనమామ రాసిచ్చిన కాగితం నాకెందుకు?" అన్నాడు. సరే, పరీక్ష చేద్దాం అన్నాను. పక్కనున్న పాన్ షాపుకు పోయి "భయ్యా, థోడా చూనా" అని ఆకులో సున్నం తెచ్చాను. భరద్వాజ్ వీడియో తీశాడు. అట్ట ఎత్తితే నువ్వు చెప్పినట్టే రెండు కొసలు, నిమ్మపండు రంగులో ఉన్నాయి. ఒక పోగు తుంచి సున్నం రాశాను. నిమిషం కూడా పట్టలేదు, ఎర్రగా తిరిగింది. ఇంకో మామూలు జత తెచ్చి దాని పోగుకూ రాశాం, తెల్లగానే ఉంది.

శేషగిరి గారు కుర్చీలో కూలబడ్డాడు. "మా అమ్మ కాళ్లకు రాసుకునే రంగు ఇది" అన్నాడు. తర్వాత నాకు దండం పెట్టబోయాడు, నేను ఆపాను. భరద్వాజ్ మొదటిసారి తెలుగులో మాట్లాడాడు. "సారీ" అంటే ఇంగ్లీషనుకున్నాడేమో, "తప్పయింది" అన్నాడు. ఫిర్యాదు లేదు. మెయిన్స్ మొదటి పేపరు మొన్ననే రాశాను.

నాకు మాత్రం కోపం తగ్గలేదు. నామీద నింద పడితే నాకు ఇరవై రోజుల్లో ఎలా ఉందో రాశాను కదా. అనసూయక్కకు నాలుగేళ్లు అలా ఉంది.

ఇప్పుడు కొత్త గొడవ వచ్చింది. ఆ వీడియో భరద్వాజ్ నెట్‌లో పెట్టాడు. పసుపు వెలిసిన ఆ జతకు ఇప్పుడు పాత ధర మీద రెండింతలు ఇస్తామంటున్నారు. రంగు పోయినా కథ దొరికింది కదా! శేషగిరి గారికి ఇంకొకటి కావాలి: నీ ఉత్తరం. అసలు కాగితం, నీ చేతిరాతతో, సంతకంతో, పెట్టెలో షూల పక్కన పెట్టుకుంటాడట. దానికి విడిగా డబ్బిస్తానన్నాడు. ఎంతో రాస్తే నీకు కళ్లు తిరుగుతాయి. ఆ డబ్బుంటే ఏడాదిపాటు ఉద్యోగం మానేసి చదువుకోవచ్చు. ఒప్పేసుకుందామని నోటిదాకా వచ్చిన మాట నిజం. నీ జవాబు వచ్చేదాకా గడువడిగాను.

నీ ఉత్తరం నీది. ఏం చెయ్యమంటావు?

మైథిలి


సూళ్లూరుపేట
సెప్టెంబరు 5

మైథిలికి,

జవాబు ఆలస్యమైంది. ముందు అనసూయ దగ్గరికి పోయి, తర్వాత నీకు రాద్దామనుకున్నాను. పోవడానికి ఆరు రోజులు పట్టింది. దూరమేం లేదు, బస్సులో గంట.

రొయ్యల షెడ్డులో పని చేస్తోంది. రోజంతా ఐసు నీళ్లలో చేతులు పెట్టి తలలు ఒలవాలి. నన్ను చూసి చేతులు కడుక్కుని వచ్చింది. నా చెవులకు వినపడేటట్టు దగ్గరగా నిలబడి మాట్లాడింది. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాకు ఆ పొద్దే తెలుసన్నా. పసుపు గిన్నె నీ చేతిలోనే ఉండింది గదా. నువ్వెప్పుడు చెప్తావా అని నాలుగేళ్లుగా చూస్తా ఉండా" అంది.

నువ్వే ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను.

"చెప్తే ఎవరు నమ్ముతారన్నా? ఇన్‌స్పెక్టరు మాట ముందర నా మాట యాడ నిలబడతాది? ఆడ తీసేసినాక ఇంకో మూడు ఫ్యాక్టరీలకు పోయినా. పేరు చెప్పంగానే, పని చెడగొట్టినామె గదా నువ్వు, అన్నారు. ఇయి కుట్టే చేతులన్నా, రొయ్యలకు ఇచ్చినా."

డబ్బు సంగతి కూడా చెప్పాను, నువ్వు రాసింది రాసినట్టు. అమ్మి ఆమెకే ఇప్పిస్తానన్నాను. కాసేపు ఆలోచించింది. పిల్లలున్న మనిషి, వద్దనడం తేలిక కాదు.

"డబ్బు వద్దన్నా. ఆ కాగితం నాకియ్యి. మళ్లీ పనికి పోయినప్పుడు చూపించుకుంటా" అంది.

ఇంకోటి రాసిస్తాను, ఇప్పుడే, ఇక్కడే కూర్చుని రాసిస్తాను అన్నాను. తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడు రాస్తే నామీద జాలితో రాసినట్టుంటాది. అది నీ మేనకోడల్ని కాపాడుకోను రాసింది. అదే నమ్ముతారు" అంది.

ఆమె అన్నది నిజం. నాలుగేళ్లు ఆమె కోసం రాయలేకపోయాను, నీకోసం ఒక్క రాత్రిలో రాశాను. ఇది రాస్తుంటే నామీద నాకే అసహ్యంగా ఉంది.

ఆ కాగితం నాకు పంపు. నేను తీసుకెళ్లి ఆమెకిస్తాను. ఆమె చిరునామా కూడా ఈ కాగితం వెనక రాశాను, నీ దగ్గర ఉండనీ. ఆ పెద్దమనిషికి ఏం చెప్పుకుంటావో నువ్వే చూసుకో.

మాణిక్యం


బేర్ సరాయ్
సెప్టెంబరు 14

మామయ్యకు,

శేషగిరి గారికి నీ ఉత్తరం జిరాక్సు తీసిచ్చాను. "జిరాక్సుకు విలువేముందమ్మా, అసలుదే కదా కావాలి" అన్నాడు. అసలుది అసలు మనిషి దగ్గరికి పోతోందండీ అన్నాను. ఆయన ఆవకాయ సీసా ఖాళీ అయిందా అని అడిగాడు. అయిందన్నాను. జిరాక్సు మడతపెట్టి పెట్టెలో, ఆ తెల్లబడ్డ షూల పక్కన పెట్టుకున్నాడు. డబ్బు మాట మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

సంతకం కింద నీ ఫ్యాక్టరీ టోకెన్ నంబరు లేదు. అది లేకపోతే మాణిక్యం ఎవరని అడుగుతారు. వేరే కాగితం మీద నంబరు, నువ్వు పనిచేసిన ఏళ్లు రాసి అనసూయక్కకు ఇవ్వు. ఎవరైనా అడిగితే ఆమెతో పాటు వెళ్లి నిలబడు. చెవులు వినపడవని తప్పించుకోకు.

నువ్వు నీకు పంపమన్నావు. పంపడం లేదు. నేరుగా అనసూయక్క పేరనే ఈ పొద్దున స్పీడ్ పోస్టు చేశాను. నీమీద నమ్మకం లేక కాదు అని మొదట రాశాను, కొట్టేశాను, పైన నీకు కనిపిస్తూనే ఉంటుంది. అసలు, నకిలీ చూసే ఉద్యోగం చేస్తూ నీకు నకిలీ మాట రాయలేను. నువ్వు నన్ను కాపాడావు, చదివించావు, నా మీద నీకున్న ప్రేమలో నాకు ఎప్పుడూ అనుమానం లేదు. కానీ ఆ కాగితం నీ చేతికొస్తే దాన్ని పట్టుకుని బస్సెక్కడానికి నీకు మళ్లీ ఎన్ని రోజులు పడుతుందో నాకు తెలియదు. నీకూ తెలియదు.

కవరు అందినట్టు ఆమె సంతకం నాకు తిరిగొచ్చేలా పోస్టాఫీసులో అడిగి పెట్టించాను. ఆ సంతకం నా కళ్లతో చూసేదాకా ఈ పని అయిందని నేననుకోను.

మైథిలి